సేవ యెవరికొరకు?

కూటికి, గుడ్డకు లోటులేని యిండ్లలో నేడొక వింత దారిద్ర్యము కానవచ్చుచున్నది. చదువు ముగించి మంచి జీతము తెచ్చుకొనుచున్న యువకుడు ‘ఈ పరుగంతయు దేనికొరకు?’ అని యడుగుచున్నాడు. ఉద్యోగవిరమణము చేసిన పెద్దమనుష్యుడు ఉదయము పత్రిక చదివిన పిదప సాయంకాలము వఱకు గడియారము వంక చూచుచున్నాడు. బిడ్డలను పెంచి దూరదేశములకు పంపిన తల్లి, రెండు పళ్లెములే కడుగవలసి వచ్చిననాడు తన చేతులకు పనిలేకపోయినదని దిగులుపడుచున్నది. వీరి బాధ అన్నము లేనందువలన కలిగినది కాదు. ‘నేను లేకున్న ఎవరికేమి కొఱత?’ యను ప్రశ్నకు సమాధానము తోపనందువలన కలిగినది.

ఇట్టివారికి హితులు చెప్పు మాట యొకటి గలదు: ‘ఊరిలో ఏదైన సేవాకార్యమున చేరుడు, మనస్సు కుదుటపడును’ అని. ఈ సలహా చెడ్డది కాదు. కాని యిందొక చిక్కు ప్రశ్న దాగియున్నది. నా మనస్సు కుదుటపడుటకై నేను ఇతరులకు సేవ చేయబోయినచో అది సేవయగునా, స్వార్థమగునా? నాయొద్ద అక్షరములు నేర్చుకొనవచ్చిన పేదరాలు నా విసుగునకు ఔషధమా? వ్యాధి కుదిరిన పిదప మందుసీసాను అటకపై పెట్టినట్లు ఆమెను మఱచిపోవచ్చునా? సేవను గుఱించి సభలలో మనము వినునది స్తోత్రపాఠమే గాని, యీ ప్రశ్నను ఎదుర్కొనువారు తక్కువ. ఇంటింట ఆలోచింపదగినది గనుక దీనిని పాఠకుల యెదుట పెట్టుచున్నాను.

ఈ విషయమున మనలో రెండు పక్షములు గలవు. సేవ చేయువాడు ఏ ఫలమును కోరరాదు, తన సంతోషమును సైతము కోరరాదు, కోరినచో అది వ్యాపారమగునని యొక పక్షము. ఆనందము లేక ఎవరును ఏ పనియు చేయజాలరు, కావున ఎవరికి దేనియందు ఉత్సాహము కలుగునో దానినే చేయవలెనని రెండవ పక్షము. మొదటి మాట వినినవాడు ‘నా మనస్సు ఇంకను పరిశుద్ధము కాలేదు’ అని యింటనే కూర్చుండును. రెండవ మాట వినినవాడు ఉత్సాహమున్నంతవఱకు చేసి, అది తీరిననాడు చెప్పకయే మానివేయును. ఒకరు ఆరంభింపరు, ఒకరు నిలువరు. నేను రెండవ తెగకు చెందినవాడనై యుంటిని. ఆ కథ చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నను, వాదముకంటె అనుభవము మేలు గనుక చెప్పుచున్నాను.

నేను ఉద్యోగము నుండి విరమించిన యేట మా వీధి చివరనున్న చిన్న పఠనమందిరములో ప్రతి ఆదివారము సాయంకాలము పెద్దలకు చదువు చెప్పుటకు పూనుకొంటిని. నలుగురు వచ్చిరి. అందొకతె తట్టతో ఆకుకూరలు అమ్ముకొను స్త్రీ, నలువది యేండ్లు దాటినది. నేను ఎంతయో శ్రద్ధతో నీతికథల పుస్తకమొకటి తెచ్చి, మొదటి దినముననే సత్యమును గుఱించి, ఓర్పును గుఱించి చక్కని కథ యొకటి చెప్పితిని. ఆమె ఓర్పుగనే విని, పిదప మెల్లగా ననెను: “ఈ కథలు మా అమ్మ చెప్పిందండి. నాకు బస్సు మీద పేరు చదవడం నేర్పండి. తప్పు బస్సు ఎక్కి రెండుసార్లు చార్జీ దండగైంది.”

నాకు కొంచెము చిన్నతనమైన మాట నిజము. నేను ఇయ్యదలచినది వేఱు, ఆమెకు కావలసినది వేఱు. ఓర్పును గుఱించి ఆమెకు నేను చెప్పదగినది ఏమియు లేదని, ఆమె తట్టను ఒకసారి చేత నెత్తి చూచినచో నాకే తెలిసియుండెడిది. ఆనాటి నుండి ఆమె యెక్కవలసిన బస్సులు పోవు ఊళ్ల పేర్లే మాకు పాఠములయ్యెను. ఒక్కొక్క యూరి పేరునుండి అక్షరములు విడదీసి, కలిపి, మరల విడదీసి నేర్చుకొంటిమి. ఆమె నేర్చినది అక్షరములు. ఒకరికి సాయపడదలచినవాడు మొదట వారిని అడుగవలెనని నేను నేర్చితిని.

మూడవ నెలకు నాలోని వేడి తగ్గినది. మొదటి దినములలో తరగతి ముగించి యింటికి వచ్చుచుండగా గుండెలో కదలాడిన తృప్తి యిప్పుడు కలుగుటలేదు. ఒక ఆదివారము బంధువులు వచ్చిరి. మఱియొక ఆదివారము ఎండ యెక్కువగా నుండెను. మూడవ ఆదివారమునకు కారణమేమియు లేదు, మానవలెనని తోచి మానితిని. నాలుగవ ఆదివారము వెళ్లునప్పటికి ఆమె గడపమీద కూర్చుండియున్నది. కోపము లేదు, నిష్ఠూరము లేదు. “మూడు ఆదివారాలు తట్ట తొందరగా దించేసి వచ్చానండి. తలుపుకి తాళమే. ఆదివారం సాయంత్రమేనండి మాకు బేరం” అని మాత్రము చెప్పినది.

ఆ మాట విన్న పిదప నాకు లెక్క తెలిసివచ్చినది. అంతవఱకు నేను ఇచ్చువాడననియు, ఆమె పుచ్చుకొనునదనియు భ్రమపడితిని. నేను ఇచ్చుచున్నది, పని లేనివాని తీరికలో ఒక గంట. ఆమె ఇచ్చుచున్నది, వారములో నాలుగు రూకలు ఎక్కువగా దొరకు ఒకేయొక గంట. మా యిద్దరిలో ఎవరిది దానము? ఆ మూడు వారములు నేను మానినందువలన నాకు నష్టమేమియు కలుగలేదు. నష్టమంతయు ఆమెది. స్వచ్ఛందసేవ యనుమాటలో నాకు ‘స్వచ్ఛందము’ వినబడినంతగా ‘సేవ’ వినబడలేదని గ్రహించితిని. పూనుకొనుట నా యిష్టము. పూనుకొన్న పిదప మానుట నా యొక్కని యిష్టము కాదు, ఏలయన అవతల నొకరు నా మాటను నమ్మి తమ బ్రతుకులో నొక గంటను సవరించుకొనియున్నారు.

ఇచ్చటనే మొదటి ప్రశ్నకు సగము సమాధానము దొరకినది. జీవితమునకు ప్రయోజనము కావలెనని వెదకువారు దానిని ఒక అనుభూతిగా తలంతురు. ఏదో యొకనాడు మనస్సులో దీపము వెలిగినట్లు ‘ఇదియే నా పని’ యని తోచునని యెదురుచూతురు. నాకు అట్టి దీపమేదియు వెలుగలేదు. ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఒకరు నాకొఱకు ఎదురుచూచుచుందురను నెఱుక మాత్రము కలిగినది. ఆ యెఱుక నన్ను ఎండలో నడిపించినది, బంధువులయొద్ద సెలవడిగించినది. కొన్ని నెలలు గడచిన పిదప చూచుకొనగా, పోయిన యుత్సాహము ఎప్పుడో చెప్పకయే తిరిగి వచ్చియున్నది. బావి త్రవ్వువానికి మొదట దొరకునది మట్టియే, జల పడుట తరువాతి మాట. జల పడినగాని త్రవ్వనని కూర్చున్నవానికి ఏనాడును దాహము తీరదు.

మన దేశచరిత్రలో ఇట్టివారికి కొదువలేదు. హైదరాబాదు సంస్థానములో తెనుగునకు ఆదరము కఱవైయున్న దినములలో, 1901లో, కొందఱు విద్యాభిమానులు పూని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి పూనికతో, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగినది. వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వత నికేతనము నేటికిని పాఠకులను ఆదరించుచున్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరు గ్రామముల నడుమ కాలువపై గ్రంథములను పడవనెక్కించి యూరూరికి పంపిరి. పడవలో పుస్తకములు వచ్చుట వినుటకు ముచ్చటైన సంగతియే. కాని పడవలోని పుస్తకమును ఇంటికి తీసికొనిపోయిన పాఠకుడు ఆ పడవ మరల వచ్చునని నమ్మవలెను. రాని పడవకొఱకు ఒడ్డున నిలుచువారికి తొలినాటి ఉత్సవముతో పనియేమి? అట్టి గ్రంథాలయమునకు ప్రాణము రాకపోకల క్రమమేగాని ఆరంభదినపు ఆర్భాటము కాదు.

ఇక, పనిచేయగా చేయగా లక్ష్యము స్పష్టపడునను మాటకు దుర్గాబాయి దేశముఖ్‌గారి జీవితము మంచి నిదర్శనము. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన యామె బాలికగా నుండగనే తాను నేర్చిన హిందీని కాకినాడలో ఇతర బాలికలకు, స్త్రీలకు నేర్పుటకు పాఠశాల నడిపిరి. తాను పూర్తిగా పండితురాలనైన పిదప నేర్పెదనని ఆమె ఆగలేదు. 1923లో కాకినాడ కాంగ్రెసు జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద ఆమెను సేవకురాలిగా నిలిపిరి. టికెట్టు లేనివారిని లోనికి పోనీయకుండుట ఆమె పని. జవహర్‌లాల్ నెహ్రూగారు టికెట్టు లేక వచ్చినప్పుడు ఆ పదునాలుగేండ్ల బాలిక ఆయనను సైతము ఆపివేసినది. నిర్వాహకులు టికెట్టు కొని యిచ్చిన పిదపనే లోనికి విడిచినది. ఆయన ఆ కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి.

ఆ బాలికకు అప్పగించినది ఎంత చిన్న పని! ద్వారమున నిలుచుటలో కీర్తి యేమున్నది? అయినను ఆమె దానిని చిన్నదిగా నెంచలేదు. ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు పోయివచ్చిన తరువాత ఆమె ఆగిపోయిన తన చదువును మరల నారంభించి బి.ఏ., ఎం.ఏ. పట్టములను, న్యాయశాస్త్ర పట్టమును గడించిరి. మెట్రిక్యులేషను పరీక్షకు బాలికలను సిద్ధపఱచుటతో మొదలైన ప్రయత్నమునుండి 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభ రూపొందినది. పిదప ఆమె రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. హిందీ పాఠము చెప్పుచున్ననాడు ఆ బాలికకు ఇవన్నియు తెలిసియుండునా? తెలిసియుండవలసిన యవసరము లేదు. దగ్గరనున్న పని ఆమెను తరువాతి పనికి తీసికొనిపోయినది. ఇతరులకు నేర్పుటయు, తాను నేర్చుటయు ఆమె జీవితములో చేయిచేయి పట్టుకొని నడచినవి. లక్ష్యమును ముందు నిర్ణయించుకొని పనికి దిగవలెనను మన నియమమునకు ఈ జీవితము చక్కని ప్రత్యుత్తరము.

ఇచ్చట రెండు ఆక్షేపణలు వచ్చును. రెండును న్యాయమైనవే. మొదటిది: ‘ప్రజలకు చదువు, వైద్యము, మంచినీరు ఒసగుట ప్రభుత్వధర్మము. మీ స్వచ్ఛందసేవ ప్రభుత్వమును ఆ ధర్మమునుండి తప్పించుట కాదా?’ అని. తప్పించినచో అది దోషమే. కాని గ్రంథాలయోద్యమము మఱియొక త్రోవ చూపినది. పౌరులు చందాలు పోగుచేసి నడపిన గ్రంథాలయములు, గ్రంథములు ప్రజలకు అవసరమేయని లోకమునకు రుజువు చేసినవి. ఆ పిదప 1948లో మద్రాసు రాష్ట్రమునను, 1955లో హైదరాబాదు రాష్ట్రమునను, 1960లో ఆంధ్రప్రదేశ్‌నందును పౌర గ్రంథాలయ చట్టములు వచ్చినవి. దయగా నారంభమైనది హక్కుగా మాఱినది. కావున సేవకుడు చేత పలక పట్టుకొనుటతోపాటు నోట ప్రశ్నయు పట్టుకొనవలెను. వీధిబడిలో లెక్కలు చెప్పువాడు, ఆ వీధి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు ఏల లేడని అడుగకున్న అతని సేవ సగమే.

రెండవ ఆక్షేపణ మన యిండ్ల లోపలినుండి వచ్చును. ‘సేవచేయుమని స్త్రీలకు చెప్పుచున్నారు. తెల్లవాఱినది మొదలు రాత్రివఱకు మేము చేయుచున్నది ఏమి? దానికి జీతము లేదు, సెలవు లేదు, పేరును లేదు.’ ఈ మాటకు తలవంపక తప్పదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతు వివాహము జరిపించినప్పుడు ఊరివారు బహిష్కరింపగా వంటవారును, నీళ్లు తెచ్చువారును మానివేసిరి. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసి, పెండ్లివారికి వండిపెట్టిరి. ఆనాటి సంస్కరణము ఉపన్యాసముమీద ఎంత నిలిచినదో ఆ నీళ్లబిందెమీదను అంతయే నిలిచినది. కావున ఇంటిలో తాను త్రాగిన గ్లాసు కడుగని పురుషుడు వీధిలో చీపురుపట్టి ఛాయాపటము తీయించుకొనుట సేవ కాదు. ఇంటిపనిని పంచుకొని, ఇల్లాలికి ఆదివారము సాయంకాలము ఒక గంట తీరిక కల్పించుట అతని మొదటి స్వచ్ఛందసేవ యగునుగాక. ఆ గంటను ఆమె ఊరికి ఇచ్చునో, తనకే యుంచుకొనునో ఆమె యిష్టము. స్వేచ్ఛలేనిచోట స్వచ్ఛందమను మాటకు అర్థము లేదు.

ఛాయాపటములమాట వచ్చినది గనుక దానిని గుఱించి ఒక వాక్యము. నేడు అరటిపండొకటి యిచ్చుటకు నలుగురు చేతులు చాచి, పుచ్చుకొనువాని ముఖమును కెమెరా వైపు త్రిప్పుచున్నారు. ఆకలిగొన్నవాడు తన ముఖమును ధరగా చెల్లించి కొనుక్కొన్న పండును దానమనుటకు నోరు రాదు.

మరల నా కథకు వత్తును. దాదాపు సంవత్సరము గడచిన పిదప ఆ కూరలమ్మునామె బస్సు బోర్డులన్నియు చదువనేర్చినది. బ్యాంకు పుస్తకములో తన పేరును, అంకెలను పోల్చుకొన నేర్చినది. ఒకనాడు వచ్చి, “ఇక చాలండి, నా పని జరిగిపోతోంది. ఆదివారం బేరం వదులుకోలేను” అని నమస్కరించి వెళ్లినది. నేను సంతోషింపవలసినది. సంతోషించితిని గూడ. కాని ఆ రాత్రి నాలో నేదో వెలితిగా నుండెను. ఎందులకని విచారింపగా కారణము దొరకినది. ఆమెకు నాతో పనిలేకపోవుట నాకు నచ్చలేదు! ఆమె యెల్లప్పుడును నాయొద్ద కూర్చుండి అక్షరములు దిద్దుచుండవలెనని నా మనస్సులో నొక మూల కోరిక యుండెను. అనగా ఆమె అజ్ఞానము కొంత మిగిలియుండవలెనని నేను కోరితిని. ఇంతకన్న సిగ్గుపడదగినది మఱియేమి గలదు? మానిన మూడు ఆదివారములకంటె నాకు ఈ రాత్రి యెక్కువ పాఠము చెప్పినది.

అప్పుడు మిగిలిన సగము సమాధానము దొరకినది. సేవకు బయలుదేరునప్పుడు స్వార్థమున్నను తప్పులేదు. తన వెలితిని తీర్చుకొనుటకే బయలుదేరినవానిని నేను నిందింపను, ఏలయన గడపదాటుటకు ఏదో యొక త్రోపుడు కావలెను. కాని స్వార్థముతో ఆరంభమైనది దానితోనే ముగియరాదు. దానిని పరీక్షించు ఒరపిడిరాళ్లు రెండు గలవు. నాకు తృప్తి కలుగని దినమున సైతము నేను వెళ్లుచున్నానా? నా యవసరము వారికి తీరిపోవునట్లు నేను పనిచేయుచున్నానా? మొదటిదానికి ‘ఔను’ అనగలవాడు ఉత్సాహమును జయించినవాడు. రెండవదానికి ‘ఔను’ అనగలవాడు అహంకారమును జయించినవాడు. ఈ రెండింటియందును నేను ఒక్కొక్కసారి తప్పితిని. తప్పితినని తెలిసికొనుట మాత్రము ఆ పనిలో నిలిచినందువలననే కలిగినది. ఇంట కూర్చుండి ఆత్మపరిశోధనము చేసికొనియుంటినేని ఈ జన్మలో తెలిసెడిది కాదు.

పాఠకులారా, మీ వీధిలో మీకు దగ్గరగానున్న పని యొకటి యుండియే తీరును. ప్రభుత్వ వైద్యశాలలో చీటీ చదువుకొనలేక ఏ గదికి పోవలెనో తెలియక తిరుగు ముసలివారుందురు. పింఛను కాగితము నింపలేక ఇతరులకు డబ్బిచ్చువారుందురు. తెఱచువారు లేక దుమ్ముపట్టిన గ్రంథాలయముండును. పెద్ద పనిని వెదకకుడు. వారమునకు ఒక గంట చాలును, కాని ఆ గంటకు దినమును, వేళయు నిర్ణయించుకొనుడు. ఏమి కావలెనో వారినే యడుగుడు. ఒక సంవత్సరమైన గడువనిదే ‘ఇది నాకు నచ్చినదా, లేదా’ యని మనస్సును ప్రశ్నింపకుడు. మీరు రాలేని దినమున తాళము తీయుటకు మఱియొకరిని ముందుగనే సిద్ధము చేసికొనుడు.

జీవితమునకు ప్రయోజనమేమని నన్ను ఎవరైన నడిగిన, ఇప్పటికిని నాకు గొప్ప మాటలేవియు తోచవు. ఆమె వెళ్లిపోయిన తరువాత ఆ గడపమీదికి మఱి యిద్దఱు వచ్చి కూర్చుండిరి. వారిలో నొకరికి కొడుకునకు జాబు వ్రాయవలెనని కోరిక. వచ్చు ఆదివారము అయిదు గంటలకు ఆ తలుపు తెఱచియుండవలెను.